పిక్చర్ ట్యూబ్ కొనబోయే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తాతగారి ఈసీ (ఈసీఐఎల్) టీవీకి పిక్చర్ ట్యూబు, అంటే బొమ్మ పడే గాజుబుడ్డి, వెతకడానికి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తున్నానని రాశావు. ముందుగా ఉన్న ట్యూబు నిజంగా పోయిందో లేదో తేల్చుకో. ప్లగ్గు తీసేసినా దానిలో వేల వోల్టుల చార్జి నిలిచి ఉంటుంది కనుక, బయటి నల్లపూతకు తగిలే ఎర్త్ తీగకు కలిపిన స్క్రూడ్రైవరును ఆనోడ్ టోపీ (హై వోల్టేజీ తీగ ట్యూబు గాజుకు కలిసేచోట ఉండే రబ్బరు మూత) కిందికి జొనిపి, రెండుసార్లు డిశ్చార్జి చేసిన తరువాతే చెయ్యి పెట్టు. ఆపైన ట్యూబు వెనక సన్నని మెడ చివర ఉన్న సాకెట్ లాగి, ఫిలమెంట్ (మెడలో వేడెక్కి వెలిగే సన్న తీగ) పిన్నుల మధ్య మీటరు పెట్టు. కొద్ది ఓములు చూపితే ఫిలమెంట్ తెగలేదన్నమాట. మెడలో ఎర్రని వెలుగు రాకపోవడానికి సాకెట్‌కు పట్టిన చిలుము కూడా కారణం కావచ్చు. ఇది చూడకుండానే ఎన్నో మంచి ట్యూబులను పారేశారు.

మార్చక తప్పదంటే అంగుళాలు చూసి కొనవద్దు. ఒకప్పుడు ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఇరవై అంగుళాల ట్యూబు దొరికిందని సంబరంగా తెచ్చి బిగించాను. ముందు తెర చక్కగా అమరింది, వెనక మూత మాత్రం నాలుగు వేళ్ల ఎడంలో ఆగిపోయింది. పాతది 110 డిగ్రీలది, నేను తెచ్చింది 90 డిగ్రీలది. ఈ డిగ్రీలు డిఫ్లెక్షన్ కోణానివి, అంటే ట్యూబులోని ఎలక్ట్రాన్ కిరణం తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగే కోణానివి. అది తగ్గితే ట్యూబు పొడవవుతుంది. అదే 110 డిగ్రీల ట్యూబుకు 90 డిగ్రీల యోక్ (మెడ చుట్టూ ఉండి కిరణాన్ని తిప్పే తీగచుట్ట) తగిలిస్తే బొమ్మ తెర అంచులదాకా రాదు.

ట్యూబు మీది నంబరునే నమ్ము. ఉదాహరణకు ఏ50-120డబ్ల్యూ అని ఉంటే, 50 అనేది సెంటీమీటర్లలో తెర మూల నుంచి ఎదుటి మూలకు కొలత, చివరి డబ్ల్యూ నలుపు-తెలుపు ట్యూబుకు గుర్తు; రంగుల ట్యూబుకు అక్కడ ఎక్స్ ఉంటుంది. పాత అమెరికా పద్ధతిలో మొదటి అంకె అంగుళాలు, చివరి పీ4 నలుపు-తెలుపు, పీ22 రంగులు. దుమ్మును పొడి కుంచెతోనే దులుపు, తడిగుడ్డ పెడితే అంకెలు చెరిగిపోవచ్చు.

నంబరు కనబడకపోతే మెడ వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలువు: 110 డిగ్రీల నలుపు-తెలుపు ట్యూబులకు సాధారణంగా 28.6 మిల్లీమీటర్లు, చిన్న సెట్లకు 20. ఫిలమెంట్ వోల్టేజీ పెద్దవాటికి 6.3, చిన్న పోర్టబుల్ సెట్లలో 11 లేదా 12 కూడా ఉంటుంది; 6.3 ట్యూబును 12 వోల్టులకు కలిపితే ఫిలమెంట్ మాడిపోతుంది. పిన్నుల సంఖ్య సరిపోయినంత మాత్రాన కనెక్షన్లు ఒకటే అనుకోకు.

రంగుల సెట్టు పని ఎప్పుడైనా పట్టుకుంటే, యోక్ ఏ ట్యూబుతో సరిచేసి బిగించారో దానితోనే ఉంచు, విడదీస్తే రంగులు మళ్లీ కలపడం చాలా కష్టం.

ఇంటికి తెచ్చేటప్పుడు మెడ పట్టుకుని ఎత్తకు, తెర కిందికి ఉండేలా దుప్పటి మీద పెట్టు. డబ్బు ఇచ్చే ముందు పాత ట్యూబు నంబరూ, దుకాణంలోని దాని నంబరూ రెండూ నాకు రాసి పంపు.