ఆ మంటకి ఖరీదు ఎవరు కట్టారు?

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నీ టోక్యో నవల తొమ్మిది అధ్యాయాలూ చదివాను. వాటితో పాటు పెట్టిన నలభై పేజీల ‘యూనివర్స్’, అదే నీ కథాలోకపు వివరాల చిట్టా, కూడా చదివాను. దాని సంగతి తర్వాత. నాలుగో అధ్యాయంలో ఒక చోట ఆగిపోయాను, ముందు అది చెప్పాలి.

నీ హీరో కైటో వాళ్ళమ్మ అన్నం వండుతోంది. ఎసరు పూర్తిగా ఇంకకముందే స్టవ్ కట్టేసి, మూత మీద పొత్రం పెట్టింది. ‘మిగతాది ఆవిరి చూసుకుంటుందిలే, సిలిండర్ రెండు రోజులు ఎక్కువొస్తుంది’ అంది.

మూడుసార్లు చదివాను ఆ ముక్కని. నాయనా, టోక్యోలో ఎక్కువ ఇళ్ళకి గ్యాసు గొట్టాల్లో వస్తుంది. అన్నం కరెంటు కుక్కర్లో ఉడుకుతుంది. ఆ పొత్రం పెట్టిన మనిషి టోక్యో మనిషి ఎలా అవుతుంది? మిర్యాలగూడలో, మీ వంటింట్లో నువ్వు రోజూ చూసే మనిషి ఆవిడ. నువ్వు పిలవకుండానే కథలోకి నడిచొచ్చింది. తొమ్మిది అధ్యాయాల్లోనూ ఊపిరి తీసుకుంటున్నది ఆవిడొక్కతే.

ఇక ఏడో అధ్యాయం. కైటోకి కోపం వచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి. లోపల నిద్రపోతున్న శక్తి లేచింది. కత్తిలోంచి నల్లమంట బయల్దేరి పదకొండు అంతస్తుల మేడని బూడిద చేసింది. కుర్రాడు ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. ఒంటి మీద బొబ్బ లేదు, కళ్ళకింద నలుపు లేదు. ఎనిమిదో అధ్యాయంలో అంతకంటే పెద్ద మంట. అక్కడ కాగితాలు పక్కన పడేసి లేచిపోయాను. తల్లి పొయ్యి మీద వేలెడంత మంటకి పైసలతో సహా లెక్క రాసినవాడివి, ఊరు తగలబెట్టే మంటకి లెక్కే రాయలేదేం? దానికి ఖరీదు ఎవరు కట్టారు?

‘అనిమేలో ఇలాగే ఉంటుంది కదా మేడమ్’ అని, ఆ జపాన్ బొమ్మల సీరియళ్ళని చూపించి, నీ ఉత్తరంలో ముందే సమాధానం పెట్టుకున్నావు. ఉండదు. ఈ మాట నేను గట్టిగా చెప్పగలను. ఎందుకో విను.

2000 తర్వాత కొన్నేళ్ళు చెన్నైలో డబ్బింగ్ మాటలు రాసి బతికాను. జపాన్ బొమ్మల సీరియళ్ళు ఇంగ్లీషు మీదుగా మా చేతికొచ్చేవి. బొమ్మ పెదవులు కలిసిన చోట ప, బ, మ పడాలి. నోరు తెరిచి ఆగిన చోట మాట అచ్చుతో ముగియాలి. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి, జపాన్ వాళ్ళవీ అంతే. ఇంగ్లీషులో పడక తిప్పలు పెట్టిన లిప్పు తెలుగులో ఒక్కోసారి ఇట్టే పడిపోయేది. అదలా ఉంచు. లిప్పు కోసం ఒక్కో ముక్కని ఇరవైసార్లు వెనక్కి తిప్పి చూసేదాన్ని. అలా చూస్తే తెలుస్తుంది, ఒక దెబ్బ వెయ్యడానికి ముందు ఆ బొమ్మ ఎంతసేపు ఆగుతుందో, వేశాక ఎంతసేపు రొప్పుతుందో. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, తల వంచి, ఏ మాటా లేకుండా నాలుగు సెకన్లు. కథంతా ఆ నాలుగు సెకన్లలో ఉండేది.

ఆ పని పంచేవాడొకాయన ఉండేవాడు. ఖాళీ కనిపిస్తే ఆయనకి ఒళ్ళు మంట. ‘పిల్లలు ఛానెల్ మార్చేస్తారు, ఏదో ఒకటి నింపండి’ అనేవాడు. హీరో వీపు కనబడితే చాలు, అక్కడో డైలాగు. రొప్పు తీసేసి ‘ఇప్పుడు చూడు నా ప్రతాపం’ అని రాయించాడు. రాశాను. ఇంటద్దె కట్టాలి మరి. మీ తరం చిన్నప్పుడు తెలుగులో చూసిన వాటిలో కొన్ని అలా నింపినవే. శక్తికి అలుపు ఉండదని నీకు నేర్పిన వాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే నీకు ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

జపాన్‌లో బొమ్మల కథలు గీసే హిరోము అరకవా పేరు నీ జాబితాలో ఉంది, ఆవిడ కథ ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ మూడుసార్లు చూశానన్నావు. ఆవిడ ఎక్కడ పుట్టిందో ఎప్పుడైనా చూశావా? హోక్కైడోలో ఒక పాడిరైతు ఇంట్లో. హైస్కూలు అయ్యాక ఏడేళ్ళు ఆ కొట్టంలోనే పని చేసి, అప్పుడు టోక్యో బండెక్కింది. 2001లో ఆ కథ మొదలుపెట్టింది. ఏదైనా పొందాలంటే అంత విలువైనదీ ఇచ్చుకోవాలన్నది ఆ లోకపు నియమం. ఇద్దరన్నదమ్ములు చచ్చిపోయిన తల్లిని తిరిగి తెచ్చుకోబోయారు. అన్నకి ఎడమకాలు పోయింది. తమ్ముడికి ఒళ్ళంతా పోయింది. తమ్ముడి ప్రాణాన్నైనా ఒక ఇనుప కవచానికి కట్టుకోవడానికి అన్న కుడిచెయ్యి కూడా ఇచ్చేశాడు. తల్లి రాలేదు. ఈ నియమం వెనక తన తల్లిదండ్రుల సేద్యపు కష్టం ఉంది. పని చెయ్యనివాడికి తిండి లేదని పాలు పిండే ఇంట్లో పెరిగిన పిల్ల రాసిన కథ అది. తన బొమ్మ తాను గీసుకోవాల్సొస్తే కళ్ళజోడు పెట్టుకున్న ఆవుని గీస్తుందావిడ. తర్వాత 2011లో వ్యవసాయ హైస్కూలు మీద ఇంకో కథ మొదలుపెట్టింది. అందులో పట్నం కుర్రాడు ఒక పందిపిల్లని ముద్దుగా సాకుతాడు. దానికి ‘బుతాదోన్’ అని పేరు పెడతాడు. అన్నం మీద పందిమాంసం పరిచి పెట్టే గిన్నె పేరది. దాన్ని కోతకి పంపాక, కూలి చేసి సంపాదించిన డబ్బుతో ఆ మాంసాన్ని వాడే కొనుక్కుంటాడు. అందులో కత్తి లేదు, నల్లమంట లేదు. చదువుతుంటే నా గొంతు పట్టేసింది.

ఖరీదంటే ప్రతిసారీ కాలూ చెయ్యే ఇవ్వక్కర్లేదు. 1966లో జపాన్ టీవీలో వచ్చిన వీరుడు అల్ట్రామన్ భూమ్మీద నిలబడగలిగేది మూడే మూడు నిమిషాలు. గుండెల మీద దీపం నీలం నుంచి ఎరుపుకి తిరిగి కొట్టుకోవడం మొదలెడితే ఇంట్లో పిల్లలకి చెమటలు పట్టాలి. పొలానికి కరెంటు ఇచ్చే గంటల్లాంటిదన్నమాట, మోటారు ఆగేలోపు మడి తడవాలి. సూపర్‌మ్యాన్ 1938లో పుట్టాడు. 1943లో రేడియో నాటకం రాసేవాళ్ళు అతని బలం లాగేసే రాయి, క్రిప్టోనైట్, తెచ్చాక గానీ అతనికి భయపడదగ్గదంటూ ఒకటి దొరకలేదు. మనకి ఇది కొత్తా? కర్ణుడి మీంచి శాపాలన్నీ తీసేసి, కవచకుండలాలు ఒంటినే ఉంచి, మళ్ళీ చదువు. రథచక్రం దిగబడకపోతే ఎవరైనా ఆయన కోసం ఏడుస్తారా?

వీడియో ఆటల గురించి నన్ను అడిగావు, నాకేం తెలుస్తుందనుకుంటూనే అడిగినట్టున్నావు. నేను ఆడలేదు, కూర్చుని చూశాను. మా మనవడు ‘షాడో ఆఫ్ ద కొలోసస్’ ఆడాడు. 2005 నాటిది. ఒక కుర్రాడు చనిపోయిన అమ్మాయిని బతికించుకోవడానికి పదహారు మహాకాయాల్ని చంపాలి. ఒక్కోటీ కొండంత ఉంటుంది, బొచ్చు పట్టుకుని పాకాలి. చెయ్యి పట్టు సడలిపోతుంటే తెర మీద ఒక వలయం చిన్నదవుతూ ఉంటుంది. కూలిన ప్రతిసారీ నల్లటి పోగులు వాడి ఒంట్లోకి దూరతాయి. అదేమిటో అప్పుడు ఒక్క మాటా చెప్పరు. తొమ్మిదో దాని దగ్గర మావాడు ఆట ఆపి, ‘అమ్మమ్మా, వీడి మొహం మొదట్లో ఇలా లేదు కదా’ అన్నాడు. చర్మం పాలిపోయింది, జుట్టు నల్లబడింది. ఎప్పట్నుంచి మారుతోందో ఇద్దరం గమనించలేదు. ఆ రాత్రి వాడు మళ్ళీ ఆట పెట్టలేదు. ఖరీదు రాయడమంటే అలా రాయాలి. నీ కైటో మొహం తొమ్మిది అధ్యాయాలకీ ఒకటే.

ఇక్కడ నాది ఒకటి చెప్పుకోవాలి. మా నాయనమ్మ చివరి ఏడాది ఒక్కొక్క పేరే మర్చిపోతూ పోయింది. ముందు ఊళ్ళో వాళ్ళవి, తర్వాత కోడళ్ళవి, చివరికి నాది. అప్పుడు ఒక పిల్లల కథ రాశాను. కుమ్మరి ఇంటి పిల్లకి చచ్చిపోయిన వాళ్ళతో మాట్లాడే వరం వస్తుంది, మాట్లాడిన ప్రతిసారీ బతికున్న వాళ్ళ పేరొకటి మర్చిపోతుంది. ఆఖర్న ఆ పిల్ల తల్లి ఎదురుగా నిలబడి ‘నువ్వెవరమ్మా’ అంటుంది. తిరుగు స్టాంపులు పెట్టి ఒక పత్రికకి పంపాను. నాలుగు నెలలకి అచ్చయింది. బస్టాండు పుస్తకాల కొట్టు ముందే నిలబడి తిప్పి చూశాను. చివరి పేరా నాది కాదు. దేవుడు సంతోషించి పేర్లన్నీ వెనక్కి ఇచ్చేశాడట, కింద ఒక నీతివాక్యం. వెళ్ళి అడిగితే ఆ సంపాదకుడు, ‘పిల్లలు ఏడుస్తారమ్మా, మనకెందుకు’ అన్నాడు. నలభై రూపాయల మనియార్డరు పంపాడు. పోగొట్టుకున్నదాన్ని ఉత్తినే తెచ్చి చేతిలో పెట్టడం పిల్లల మీద దయ అనుకునేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మా నాయనమ్మకి నా పేరు ఎవరూ వెనక్కి ఇవ్వలేదు. ఆ పేరా నేను ఈరోజుకీ క్షమించలేదు.

ఇప్పటి వాళ్ళకి నీతి బదులు ‘ఎలివేషన్’ కావాలి. నా దగ్గరికొచ్చే కుర్రాళ్ళందరి చేతుల్లోనూ యూనివర్స్ ఉంటోంది. ఏడు రాజ్యాలు, పన్నెండు వంశాలు, శక్తులకి మెట్లు, మెట్లకి రంగులు. నీ నలభై పేజీల్లో కైటో శక్తికి పద్నాలుగు స్థాయిలున్నాయి. ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి వెళ్ళడానికి వాడు ఏం పోగొట్టుకుంటాడో ఒక్క గడిలోనూ లేదు. అది పక్కన పెట్టు. చింపక్కర్లేదు, బీరువాలో పెట్టు.

పేర్లు మార్చాలా, కథని తెలంగాణకి తేవాలా అని భయపడుతూ అడిగావు. అది నీ ఇష్టం. బొమ్మల కథలు గీసే హజిమె ఇసయామా పుట్టిన ఓయామా, జపాన్‌లో ఒయితా జిల్లాలో చుట్టూ కొండలున్న ఊరు. అక్కడ పెరిగినవాడు 2009లో ‘అటాక్ ఆన్ టైటన్’ మొదలుపెట్టి, గోడల మధ్య బతికే మనుషుల్ని రాశాడు. పేర్లు దాదాపు అన్నీ యూరప్ పేర్లు. ఎవరూ తప్పుపట్టలేదు, ఎందుకంటే ఆ గోడ ఇవతల నిలబడి అవతల ఏముందో అనుకున్న పిల్లాడు మాత్రం నిఖార్సుగా ఓయామా పిల్లాడు. 2020లో ఆ ఊరి డ్యాము దగ్గర ఆ కథలోని ముగ్గురు పిల్లల కంచు విగ్రహాలు పెట్టారు, డ్యాము గోడకేసి తలెత్తి చూస్తున్నట్టు. నీ కైటో కైటోగానే ఉండొచ్చు. వాడు కట్టే ఖరీదు మాత్రం మీ ఇంట్లోంచి రావాలి. నువ్వు చూడని బాధకి నువ్వు ధర వెయ్యలేవు.

మీ నాన్నగారు రైస్‌మిల్లులో హమాలీ అని ఒక్క ముక్క రాసి, వెంటనే పేజీన్నర అనిమేల పేర్లు రాశావు. ఆ ఒక్క ముక్క దగ్గర నేను చాలాసేపు కూర్చున్నాను. బస్తాకింత అని కూలి కట్టే చోట రోజుకి ఎన్ని బస్తాలు లేపితే ఇల్లు గడుస్తుందో నీకు తెలుసు. ఏ నెలలో బస్తాలు ఉండవో కూడా తెలుసు. కాటా దగ్గర భుజం మీద గోనెపట్టా సర్దుకునేటప్పుడు ఏ చెయ్యి ముందు లేస్తుందో, రాత్రి అన్నం కలిపేటప్పుడు ఏ వేళ్ళు ముడుచుకోవో చూసే ఉంటావు. కైటో చేతికి ఆ వేళ్ళు ఇవ్వు. కత్తి ఒకసారి వెలిగితే మర్నాడు వాడు గ్లాసు పట్టుకోలేకపోవాలి. రెండోసారి వెలిగితే చొక్కా గుండీలు అమ్మ పెట్టాలి. ఆవిడకి విషయం తెలియకూడదు, అడగకుండా పెట్టాలి. అప్పుడు మూడోసారి కత్తి తియ్యబోయే ముందు వాడు ఎంతసేపు ఆగుతాడో చూడు. అక్కడ డైలాగు రాయకు.

మిగతా అధ్యాయాల జోలికి ఇప్పుడు పోకు. ఏడోది ఒక్కటే తిరగరాసి పంపు. పదకొండు అంతస్తులు వద్దు, ఒక్క గోడ చాలు. అమ్మని మాత్రం ఎక్కడా కొట్టెయ్యకు, పొత్రంతో సహా ఉండనీ. దీపావళి లోపు పంపగలిగితే మంచిది. తర్వాత నాకు కంటి ఆపరేషను ఉంది, ఓ నెల చదవనివ్వరు.

అమ్మానాన్నలకి నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
తెనాలి నుంచి
మీ అమ్మమ్మ వరసావిడ