లాన్ కింద తవ్వుతున్నదేది?

ప్రశ్న: హన్మకొండలో మా ఇంటి లాన్ వానలు పడ్డప్పటి నుంచి మచ్చలు మచ్చలుగా ఎండుతోంది. అక్కడక్కడ వేలు పట్టేంత బొరియలున్నాయి. ఏ మందు చల్లాలి?

జవాబు: ముందు పురుగేదో తేల్చుకోండి. ఎండిన చోట గడ్డిని పిడికిట పట్టి లాగండి. చాపలా లేచొస్తే వేర్లు తెగినట్టే. కింద తెల్లగా, గోధుమరంగు తలతో, కొడవలిలా వంగి ఉండేది వేరుపురుగు. లేవకపోతే, 5 లీటర్ల నీళ్లలో రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి బొరియల చుట్టూ గజం మేర పోయండి. కుమ్మరి పురుగైతే కొద్ది నిమిషాల్లో పైకొస్తుంది, ముందుకాళ్లు పారల్లా ఉంటాయి. ఏరేయండి.

వేరుపురుగుకు వంద చదరపు గజాలకు 50 గ్రాముల మెటారైజియం (పురుగుల్ని చంపే శిలీంధ్రం) పొడిని 5 కిలోల మాగిన పెండ ఎరువులో కలిపి, సాయంత్రం తడినేల మీద చల్లండి. ఎండ తగిలితే ఆ శిలీంధ్రం చచ్చిపోతుంది. పచ్చిపెండ మాత్రం అస్సలు వద్దు, పురుగు దాంతో కూడా వస్తుంది. తొలకరి పడ్డాక, చీకటి పడుతుండగా వేపచెట్టుపై వాలే పెంకు పురుగుల్నీ దులిపి చంపండి. గుడ్లు పెట్టేవి అవే.