గిరి ప్రదక్షిణకు వస్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, అత్తయ్య ఆశీస్సులు.

ఈ ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఎంత సంతోషమో! 32 కిలోమీటర్లకు బెదిరిపోకు. ముందు ఆ కొండ కథ మనసులో పెట్టుకో. అది తెలియకపోతే రాత్రంతా విశాఖ వీధుల్లో తిరిగినట్టే ఉంటుంది.

ప్రహ్లాదుణ్ణి సముద్రంలో పడేసి, మీద కొండను మోపమన్నాడు హిరణ్యకశిపుడు. విష్ణుమూర్తి వచ్చి బిడ్డను కాపాడిన చోటు ఇదేనని స్థలపురాణం. ఆ తర్వాత ప్రహ్లాదుడు ఏమి కోరాడో తెలుసా? హిరణ్యాక్షుణ్ణి చంపిన వరాహాన్నీ, తండ్రిని చంపిన నరసింహాన్నీ ఒకే మూర్తిగా చూపమన్నాడు. తనవాళ్లను సంహరించిన రూపాలనే కోరి కొలిచాడు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

అలా వెలసిన స్వామి మీద కాలక్రమంలో పుట్ట పెరిగింది. ఊర్వశితో విమానంలో వెళ్తూ ఇక్కడ దిగిన పురూరవుడు ఆ మన్ను తొలగించాడు. తీసిన మన్నుకు బదులు చందనం పూయమనీ, నిజరూపం ఏడాదికి ఒక్కరోజే చూపమనీ ఆకాశవాణి పలికింది. ఆ రోజు అక్షయ తృతీయ. అప్పటి నుంచి ఆషాఢ పౌర్ణమి దాకా నాలుగు విడతల్లో, విడతకు మూడు మణుగుల చొప్పున చందనం సమర్పిస్తారు. నువ్వు చూసేది నాలుగో విడత రోజు. శివలింగంలా కనిపిస్తాడు మనం అప్పన్న అని పిలుచుకునే ఆ స్వామి. ముఖం కనిపించలేదని చిన్నబుచ్చుకోకు, కళ్లారా చూడు.

ఇక నడక. చతుర్దశి నాడు కొండ దిగువన తొలిపావంచా, అంటే మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరాలి. ఎండ తగ్గాక మొదలుపెట్టు. చెప్పులు లేకుండా నడుస్తారు కాబట్టి మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా అప్పూఘర్ చేరాక సముద్రస్నానం. అక్కడ అలలు మొరటువి, మోకాలి లోతు దాటకు. తడిబట్టలతో ముందుకు సాగవద్దు, తొడలు ఒరుసుకుపోయి మిగతా దారంతా నరకం. పొడి నూలు చీరో, చుడీదారో సంచిలో పెట్టుకో. దారి పొడవునా భక్తులు పులిహోర, మజ్జిగ, పండ్లు పిలిచి మరీ పెడతారు. అందరి మాటా కాదనలేక అన్నీ తినేస్తే మాధవధార దాకా రాకముందే కడుపు బరువెక్కుతుంది. మజ్జిగ తాగు, తక్కువ తిను, కూర్చుంటే ఎక్కువసేపు కూర్చోకు.

ఎన్‌ఏడీ కూడలి, గోపాలపట్నం దాటితే అయిపోయినట్టే. పైకి వెళ్లి దర్శనం చేసుకున్నాక గుడిలో కప్పస్తంభం అనే రాతి స్తంభాన్ని కౌగిలించుకోవడం మరచిపోకు.

మీ అమ్మనూ తీసుకురా. మోకాళ్ల నొప్పులంటే, నడవలేనివాళ్లు గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తారని చెప్పు. తోడు నేనుంటాను.