పాఠంలో సాక్షుల గొంతు ఎలా వినిపించాలి?

ప్రశ్న: రాయగడ జిల్లా గుణుపురం దగ్గర ఉన్నత పాఠశాలలో చరిత్ర చెబుతున్నాను. నాజీలు యూదులపై సాగించిన మారణహోమం పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలు అరవై లక్షలన్న అంకెను బట్టీపట్టి, పరీక్షలో రాసి మరచిపోతున్నారు. బతికి బయటపడినవారి మాటలు వినిపిస్తే మేలా? మా తరగతిలో తెలుగు, ఒడియా ఇళ్ల పిల్లలతోపాటు సవర పిల్లలూ ఉన్నారు. వారి మాటతీరును తక్కినవారు వెక్కిరిస్తుంటారు. ఇక్కడి పెద్దల అనుభవాలను కూడా పిల్లలచేత సేకరింపజేయవచ్చా? జ్ఞాపకాల్లో పొరపాట్లుంటే ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: తప్పకుండా వినిపించండి, అయితే ఏ భాగం వినిపించాలన్నది మీరు ముందే ఎంచుకోవాలి. సినిమా దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1994లో స్థాపించిన షోవా ఫౌండేషన్ యాభై వేలకు పైగా సాక్ష్యాలను వీడియోలో భద్రపరచింది. వాటిలో నిర్బంధ శిబిరాల వర్ణనలకన్నా అంతకుముందటి సంవత్సరాల జ్ఞాపకాలే తొమ్మిదో తరగతికి పనికొస్తాయి. 1933 ఏప్రిల్‌లో యూదుల దుకాణాల బహిష్కరణ, 1935లో పౌరసత్వాన్ని లాక్కున్న చట్టాలు, 1938 నవంబరులో యూదు పిల్లలను జర్మన్ బడులనుంచి వెళ్లగొట్టడం: ఈ వరుసను అప్పటి ఒక విద్యార్థి నోట వింటే, నిన్నటిదాకా పక్కన కూర్చున్న స్నేహితుడు పలకరించడం ఎలా మానేశాడో మీ పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. శవాల దృశ్యాలు వద్దు. కొందరిని యూదులుగా నిలబెట్టి తరగతిలో నటింపజేసే పద్ధతి అసలే వద్దు. వాషింగ్టన్‌లో ఈ మారణహోమం స్మృతికోసం ఉన్న హోలోకాస్ట్ మ్యూజియం కూడా ఉపాధ్యాయులకు ఇదే చెబుతోంది. పిల్లలు కన్నీళ్లు పెట్టుకుంటే పాఠం ఫలించిందనుకునే ఉపాధ్యాయులు కొందరుంటారు. నేను ఆ కొలతను నమ్మను.

జ్ఞాపకంలో పొరపాటు ఉన్నంత మాత్రాన సాక్ష్యం చెల్లకుండా పోదు. 1944 అక్టోబరు 7న నాజీల మృత్యు శిబిరమైన ఆష్విట్జ్‌లో ఖైదీలు తిరగబడినప్పుడు, శవాలను కాల్చే దహనశాలల పొగగొట్టాలు నాలుగు పేలిపోయాయని ఒక స్త్రీ చెప్పింది. నిజానికి ధ్వంసమైన దహనశాల ఒక్కటే. లెక్క తప్పింది కనుక ఆమె మాట పనికిరాదని కొందరు చరిత్రకారులు అంటే, ఎవరూ ఊహించని తిరుగుబాటు ఆ చోట జరగగలిగిందన్నదానికే ఆమె సాక్షి అని ఆమెను ఇంటర్వ్యూ చేసిన మనోవైద్యుడు వాదించాడు. అంకెలను పత్రాలతో సరిచూడటం, అనుభవాన్ని మనిషి నోట వినడం, రెండూ పిల్లలకు నేర్పాలి.

ఇంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: అడుగుతున్నది ఎవరు? 1936–38 మధ్య అమెరికా ప్రభుత్వ పథకం ఒకటి, ఒకప్పుడు బానిసలుగా బతికిన రెండువేల మందికి పైగా వృద్ధుల మాటలను రాయించింది. చార్ల్‌స్టన్ నగరంలో ఒకే వృద్ధురాలిని ఒకసారి తెల్లజాతి స్త్రీ, మరోసారి నల్లజాతి పురుషుడు ప్రశ్నించారు. మొదటావిడ ప్రభుత్వ సహాయం ఇచ్చే కార్యాలయం నుంచి వచ్చిందనుకున్న ఆ వృద్ధురాలు, యజమాని మంచివాడనే చెప్పింది. రెండో వ్యక్తితో కొరడా దెబ్బల గురించి, కుటుంబాలను విడదీసి అమ్మేస్తుంటే మిన్నంటిన ఏడ్పుల గురించి చెప్పింది. ప్రశ్నించినవారు ఎవరో దాచి ఈ రెండు కథనాలనూ పిల్లలచేత చదివించండి, దేన్ని నమ్ముతారో అడగండి, ఆ తర్వాత సంగతి బయటపెట్టండి. ఆమెను అబద్ధాలకోరు అన్న పిల్లలే, పింఛను అవసరమున్న ముసలిది అధికారిలా కనిపించిన మనిషి ముందు ఇంకేం చెప్పగలదని తమలో తాము వాదించుకోవడం మొదలుపెడతారు.

ఇక్కడి పెద్దల దగ్గరికి పంపేముందు ఈ చర్చ జరిగి తీరాలి. మీ జిల్లా 1992 దాకా భాగంగా ఉన్న కోరాపుట్ ప్రాంతంలో, తీసుకున్న అప్పుకు మనిషినే పనికి కట్టేసుకునే గొత్తి పద్ధతి ఉండేది. ఒడిశాలో 1948 నాటి నిబంధన, దేశమంతటా 1976 నాటి చట్టం అప్పు వెట్టిని రద్దు చేశాయి. ఆ రోజులు చూసిన సవర ముసలాయన ముందు షావుకారు మనవడు ఫోను పట్టుకుని కూర్చుంటే ఏం రికార్డవుతుందో మీరే ఊహించగలరు. సవర భాషలో సవర విద్యార్థే అడగాలి, కానీ ఇష్టపడితేనే. తరగతి ముందు ఆ పిల్లవాణ్ణి ఒక జాతికి నమూనాగా నిలబెట్టకూడదు. వెక్కిరింతల సంగతి మాత్రం హిట్లర్ పాఠం వచ్చేదాకా ఆగనక్కర్లేదు, అది ఇవాళే ఆపించాల్సిన పని.

వెట్టిని మారణహోమమని పిలవనివ్వకండి. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందం ప్రకారం, మారణహోమం అనాలంటే ఒక జాతి, తెగ లేదా మత సమూహాన్ని పూర్తిగాగానీ కొంతగానీ నాశనం చేయాలన్న ఉద్దేశం ఉండాలి. ఆ తేడా తెలిసిన పిల్లలు రెండింటినీ మరింత శ్రద్ధగా చదువుతారు.

రికార్డు చేసేముందు అది ఎవరు వింటారో పెద్దలకు చెప్పి అనుమతి తీసుకోండి, మధ్యలో వద్దంటే ఆపండి, ఒక ప్రతిని ఆ ఇంటికే ఇవ్వండి. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టనివ్వకండి. తరగతిలో వినిపించేముందు మీరొక్కరే పూర్తిగా వినండి, ఎందుకంటే అందులో పేర్లు వచ్చిన షావుకార్ల మనవలు, మనవరాళ్లు అదే బెంచీల మీద ఉండవచ్చు. ఆ పేర్లను తీసేశాకే వినిపించండి.