మెదడు స్కానింగ్ పరిశోధనశాలలో నిజంగా పనిచేసేది ఎవరు?

మీ అమ్మాయి భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతోందని, విశ్వవిద్యాలయంలో మెదడు చిత్రీకరణ పరిశోధన చేసే బృందంలో చేరాలని పట్టుబడుతోందని, అటువంటి చోట ఎవరెవరు పనిచేస్తారో, వారి నడుమ ఆమెకు పని దొరుకుతుందో లేదో చెప్పమని అడిగారు. పని దొరుకుతుంది. అయితే ఎవరెవరు పనిచేస్తారన్న దానికి ఆ బృందాల వెబ్‌సైటుల్లో కనిపించే జవాబు సగమేనని నా నమ్మకం. మిగిలిన సగం చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను తిరుపతిలో అటువంటి ఒక బృందంలో ఆరేళ్ళు ప్రాజెక్టు అసిస్టెంటుగా ఉన్నాను. మాకు సొంతంగా ఉన్నది, తలకు ఎలక్ట్రోడ్ల టోపీ తొడిగి మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఒక ఈఈజీ గది మాత్రమే. ఎంఆర్‌ఐ కావలసినప్పుడు ఒక ఆసుపత్రిలోని 3 టెస్లా యంత్రాన్ని, రోగుల పరీక్షలన్నీ ముగిశాక, రాత్రి ఎనిమిది నుంచి గంటల లెక్కన అద్దెకు తీసుకునేవాళ్ళం. బృందం ఫొటోలో నడుమ ప్రొఫెసరు గారు, ఆయనకు అటూ ఇటూ రీసెర్చి స్కాలర్లు, చివరన నాలాంటివాళ్ళు నిలబడి ఉండేవాళ్ళం. అర్ధరాత్రి దాకా యంత్రం ముందు కూర్చునే టెక్నీషియను, చిత్రంలో అనుమానించదగిన మచ్చ కనబడితే చూసి చెప్పే రేడియాలజిస్టు, వచ్చినవారికి మంచినీళ్ళిచ్చి బట్టలు మార్పించే ఆయమ్మ ఆ ఫొటోలో లేరు. తన తలను మాకు అప్పగించి ముప్పావు గంట కదలకుండా పడుకునే మనిషి సంగతి సరేసరి.

ఒక రాత్రి జరిగినది చెబుతాను. వయసు పెరిగేకొద్దీ జ్ఞాపకశక్తి ఎలా మారుతుందో చూసే అధ్యయనం కోసం చంద్రగిరి దగ్గరి పల్లె నుంచి అరవై దాటిన ఒక పెద్దావిడ భర్తతో కలిసి వచ్చారు. సమ్మతి పత్రం పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మా పత్రం తెలుగులోనే ఉండేది, అర్థమయ్యే భాషలో మాత్రం లేదు. ‘అయస్కాంత అనునాద ప్రతిబింబన ప్రక్రియకు స్వచ్ఛందముగా సమ్మతించుచున్నాను’ అని నేను చదివి వినిపిస్తే, “అంటే స్కానింగే కదా నాయనా” అని ఆమె ఒక్క మాటలో తేల్చేశారు. అంత చిన్న మాట ఉండగా దాన్ని వదిలి ఈ వాక్యం రాయడానికి ఎవరికో డబ్బు చెల్లించారన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తరువాత ఒంటి మీది లోహం తీయించే పని మొదలయింది. 3 టెస్లా అంటే మన ప్రాంతంలో భూమికుండే అయస్కాంత బలానికి సుమారు 70,000 రెట్లు. పైగా ఆ అయస్కాంతం ద్రవ హీలియంలో, సున్నాకు 269 డిగ్రీల దిగువన చల్లగా ఉండి, రాత్రింబవళ్ళు పనిచేస్తూనే ఉంటుంది. స్విచ్చి వేస్తేనే లాగుతుందని చాలామంది అనుకుంటారు. 2018లో ముంబయిలో ఒక మనిషి ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని అటువంటి గదిలోకి వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడు. అందువల్ల తలపిన్నులు మొదలుకొని మొలతాడుకు కట్టిన తాయెత్తు దాకా అన్నీ అడిగి తీయించవలసిందే. పెద్దావిడ గాజులు తీశారు, కమ్మలు తీశారు, కాలి మెట్టెలు రాకపోతే సబ్బునీళ్ళతో తీయించుకున్నారు. తాళి దగ్గర ఆగిపోయారు.

“బంగారం అయస్కాంతానికి అంటుకోదు కదా నాయనా, దీన్ని తీసేదెందుకు?” అని అడిగారు. ఇంజనీరింగ్ చదివిన కుర్రవాళ్ళు కూడా ఎన్నడూ నన్ను అంత సూటిగా అడగలేదు. ఆమె చెప్పినది నిజమే, బంగారాన్ని ఆ యంత్రం లాగదు. కానీ గొలుసు కొక్కెంలో ఉక్కు స్ప్రింగు ఉండవచ్చు, మెడ దగ్గరి లోహం వల్ల చిత్రం వంకర పోవచ్చు, యంత్రం పంపే రేడియో తరంగాలకు గొలుసులో విద్యుత్తు పుట్టి చర్మం కాలవచ్చు. ఇవన్నీ పది నిమిషాల పాటు వివరించాను. ఆమె ఓపికగా విని, “అంతా సరే నాయనా, మా ఆయన వాకిట్లో కూర్చోనుండంగా తాళి తీసేదెట్ల?” అన్నారు.

అద్దె గంట నడుస్తోంది. మా స్కాలరు గడియారం చూసి, ఈమెను పంపించి తరువాతి వ్యక్తిని పిలుద్దామని నాతో ఇంగ్లీషులో అన్నాడు. మనుషుల ఎదుటే వారికి తెలియని భాషలో వారి గురించి మాట్లాడే అలవాటు చదువుకున్నవాళ్ళకు ఎక్కడ అబ్బుతుందో నాకు తెలియదు. అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి వింటున్న ఆయమ్మ ఏమీ చెప్పకుండా బయటికి వెళ్ళి, వీధి చివరి పూజా సామాను అంగడి నుంచి దారం, పసుపు కొమ్ము తీసుకొచ్చింది. కొమ్మును దారానికి కట్టి, పెద్దాయనను బట్టలు మార్చుకునే గది గుమ్మం దాకా పిలిచింది. “అక్కా, మెడ బోసిగా పెట్టే పనే లేదు. ముందు ఇది కట్టించుకో, తరవాత అది తీయి” అని చెప్పింది. “ఈ వయసులో రెండో తూరి పెండ్లా నాకు” అంటూ పెద్దాయన వణికే చేతులతో మూడు ముళ్ళు వేశాడు. తీసిన తాళిని రుమాలులో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని, స్కానింగు ముగిసేదాకా దాని మీద చెయ్యి తీయకుండా కూర్చున్నాడు. మా కమిటీ ఆమోదించిన ముప్పై పుటల ప్రణాళికలో ఈ పరిస్థితికి ఒక్క వాక్యమైనా లేదు.

లోపల ఆమె పడుకున్న తీరు చూసి టెక్నీషియను ఆశ్చర్యపోయాడు. ఎఫ్‌ఎంఆర్‌ఐ (మెదడు పనిచేస్తుండగా తీసే ఎంఆర్‌ఐ) మెదడు ఆలోచనను నేరుగా చూడదు. మెదడులో ఒకచోట పని పెరిగితే అక్కడికి రక్తం ఎక్కువగా చేరుతుంది, ఆక్సిజన్ ఉన్న రక్తానికీ లేని రక్తానికీ అయస్కాంత స్వభావంలో తేడా ఉంటుంది. జపాన్ శాస్త్రవేత్త సీజీ ఒగావా 1990లో చూపించిన ఆ తేడా మీదే మా పరిశోధన అంతా ఆధారపడి ఉండేది. సంకేతంలో ఆ మార్పు నూటికి ఒకటి రెండు పాళ్ళే కాబట్టి, తల రెండు మూడు మిల్లీమీటర్లు కదిలినా, మెదడు పనిచేసిందా మనిషి కదిలాడా అన్నది తేల్చడం కష్టం. మా విద్యార్థుల్లో చాలామంది పది నిమిషాలకే కాళ్ళు ఆడించడం మొదలుపెట్టేవారు. ఈమె తల కదలిక మొదటి నుంచి చివరి దాకా అర మిల్లీమీటరు దాటలేదు. బయటికి వచ్చాక చప్పుడుకు భయపడ్డారా అని అడిగితే, తమ మామిడి తోటలో బోరు వేసినప్పుడు ఇంతకన్నా ఎక్కువ చప్పుడు విన్నానన్నారు.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. ఆ స్కానింగులో ఎనిమిది నిమిషాల విశ్రాంతి భాగం ఉంటుంది. ఏ పనీ ఇవ్వని సమయంలో కూడా చేతుల కదలికను నడిపే ప్రాంతాలు, మెదడుకు కుడివైపువీ ఎడమవైపువీ, ఒకే లయలో హెచ్చుతగ్గులవుతాయని భరత్ బిస్వాల్, ఆయన సహచరులు 1995లో చూపించిన నాటి నుంచి ఈ రకమైన పరిశోధన విస్తరించింది. దేని గురించీ ప్రత్యేకంగా ఆలోచించవద్దని పాల్గొనేవారికి చెబుతాం. ఆ సమయంలో మనసులో ఏముందని నేను అలవాటుగా అడిగాను. “ఏముంటుంది నాయనా, గోవింద నామాలు చెప్పుకుంటా ఉండాను” అన్నారు. వరుసగా నామాలు తలచుకోవడం విశ్రాంతి ఎలా అవుతుంది? అది జ్ఞాపకం, భాష, రెండూ కలిసిన పని. ఈ సంగతిని నేను నోటు పుస్తకంలో రాశాను. పట్టికలో దానికి గడి లేనందువల్ల స్కాలరు వదిలేశాడు. తిరుపతిలో యంత్రంలోకి వెళ్ళినవారిలో సగం మందికి పైగా లోపల అదే పని చేస్తారని నేను బల్లగుద్ది చెప్పగలను. అమెరికాలో తీసిన విశ్రాంతి చిత్రాలతో మన చిత్రాలను పోల్చి వ్యాసాలు రాసేవాళ్ళు ఒక్కసారైనా మనిషిని అడిగి ఉంటే బాగుండేది.

ఈఈజీ గదిలోనూ ఇంతే. నెత్తికి కొబ్బరినూనె పట్టించుకుని వచ్చినవారికి ఎలక్ట్రోడ్లు సరిగా అంటుకునేవి కావు, జెల్ పూయడానికే గంట పట్టేది. మొక్కు తీర్చుకుని గుండుతో వచ్చినవారికి ఇరవై నిమిషాల్లో టోపీ సిద్ధమయ్యేది. ఏ నెలలో ఎవరికి మొక్కు ఉందో ఆయమ్మకు తెలుసు కాబట్టి, పిలవవలసినవారి జాబితాను మేము ఆమెకు చూపించాకే ఖరారు చేసేవాళ్ళం.

మీ అమ్మాయి విషయానికి వస్తే, భౌతికశాస్త్రం చదివినవారి అవసరం అక్కడ చాలా ఉంది. అయస్కాంత క్షేత్రంలోని లోపాల వల్ల వంకర పోయిన చిత్రాలను సరిచేయడం, సంకేతంలోంచి శ్వాస, గుండె చప్పుడు ప్రభావాలను వేరుచేయడం వంటి పనులు ఆమె చదువుకు దగ్గరివే. చేరేముందు ఒక రాత్రి స్కానింగును మొదటి నుంచి చూడనివ్వమని అడగమనండి. అడిగితే కాదనే బృందంలో చేరవద్దని నా సలహా. కంప్యూటరు ముందే కూర్చుని ఎవరో సేకరించిన దత్తాంశంతో వ్యాసాలు రాసేవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

ఆ రాత్రి తరువాత పసుపు కొమ్ములు, దారం కొని మా సొరుగులో ఉంచడం మొదలుపెట్టాం. సంవత్సరాంతపు ఆడిట్‌లో, మెదడు పరిశోధనకు పసుపుతాడుతో ఏమి సంబంధమని ఆ 40 రూపాయల బిల్లును వెనక్కు పంపారు. ‘అయస్కాంత భద్రతా సామగ్రి’ అని రాసి మళ్ళీ పంపించాను, ఆమోదించారు. పెద్దాయన దంపతుల బస్సు ఛార్జీ బిల్లు మాత్రం, టికెట్టు మీద అక్షరాలు చెరిగిపోయాయన్న కారణంతో చివరికీ మంజూరు కాలేదు. ఆ డబ్బు ఆయమ్మ, నేను చెరిసగం వేసుకుని పంపించాం.