సగం వంట ముందే, సగం అప్పటికప్పుడు

సౌమ్యా,

పొద్దున ఏడుంబావుకు పిల్లల బస్సు, ఎనిమిదిన్నరకు నువ్వూ అల్లుడూ గచ్చిబౌలి దారి పట్టాలి, మళ్లీ ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. ఈ మధ్యలో వంట ఎట్లా అని అడిగినవు. పైగా కేకులకని కొన్న ఓటీజీ, అదే ఆ చిన్న కరెంటు ఓవెన్, అట్టపెట్టెలోంచి బయటికే రాలేదన్నవు. రెండూ కలిపే రాస్తున్న, ఎందుకంటే రెండింటికీ కిటుకు ఒకటే.

వారమంతటి వంట ఆదివారమే వండి డబ్బాల్లో పెట్టే పద్ధతి మన తిండికి నప్పదు బిడ్డా. ఆదివారం చేసిన బెండకాయ వేపుడు బుధవారానికి గడ్డి. ఏ వంటను ఏ దశలో ఆపితే ఆగుతుందో తెలుసుకుంటే చాలు. ఉడికిన పప్పు ఆగుతుంది, పోపు ఆగదు. చింతపండు రసం ఆగుతుంది, కాచిన చారు వాసన పోతుంది. ఉల్లిగడ్డ టమాటా మసాలా ఆగుతుంది, అందులో కూరగాయ పడ్డాక ఆగదు.

మొదలు పప్పు. 200 గ్రాముల కందిపప్పు కడిగి అరగంట నానబెట్టు. మూడు గ్లాసుల నీళ్లు, పావు చెంచా పసుపు, ఒక చెంచా నూనె వేసి కుక్కర్ పెట్టు. పెద్ద మంట మీద ఒక విజిల్, మంట తగ్గించి ఇంకో మూడు. నూనె రుచికి కాదు, నురగ పొంగి విజిల్ దగ్గర ఇరుక్కోకుండా. ఆవిరి దానంతట అది దిగాలి. తొందరపడి విజిల్ ఎత్తితే పసుపు నీళ్లన్నీ పొయ్యి మీదనే.

ఎన్ని విజిల్స్ వచ్చినా పప్పు పలుకుగానే ఉంటోందంటే తప్పు పప్పుది కాకపోవచ్చు. మీ అపార్ట్‌మెంట్‌లో వచ్చేది బోరు నీళ్లు. వాటిలో ఉండే కాల్షియం, మెగ్నీషియం పప్పును మెత్తబడనివ్వవు. నానబెట్టడానికీ ఉడకబెట్టడానికీ తాగే నీళ్లే వాడు. చిటికెడు వంటసోడా వెయ్యమని ఎవరైనా చెప్తే వినకు. మెత్తబడుతుంది నిజమే గానీ సబ్బు రుచి వస్తుంది, బి1 విటమిన్ కూడా పోతుంది. పులుపు కూడా నీళ్ల లాగే అడ్డం పడుతుంది. చింతపండు, గోంగూర పప్పుతో పాటే కుక్కర్‌లో వేస్తే గింజ గింజగా మిగిలిపోతుంది. గోంగూరను విడిగా నూనెలో మగ్గించి, ఉడికిన పప్పులో కలిపి అయిదు నిమిషాలు ఉడికించు. టమాటా పులుపు తక్కువ కాబట్టి పప్పుతో పాటే వేసినా నడుస్తుంది.

ఉడికిన పప్పు మెదిపి, చల్లారినంక స్టీలు డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు నిక్షేపంగా ఉంటుంది. మూడో రోజుకు ఉంచకు. ఉప్పు, పోపు తినే పూటనే. పోపులో ముందు ఆవాలు చిటపటలాడాలి, తర్వాత జీలకర్ర, ఎండుమిర్చి, చితక్కొట్టిన ఎల్లిగడ్డ. ఎల్లిగడ్డ అంచు రంగు మారగానే కరివేపాకు వేసి పొయ్యి బంద్ చెయ్యి. నూనె వేడికే మిగతాది వేగుతుంది. ఇంకొంచెం ఆగుదామనుకుంటే ఎల్లిగడ్డ మాడి పప్పంతా చేదెక్కుతుంది.

చింతపండు రోజూ నానబెట్టే పని పెట్టుకోకు. 100 గ్రాములు 400 మిల్లీలీటర్ల వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, పిసికి, వడగట్టి, ఒక చెంచా ఉప్పు వేసి పది నిమిషాలు మరిగించు. స్టీలు గిన్నెలోనే, అల్యూమినియం వద్దు. గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు వస్తుంది. నిమ్మకాయంత చింతపండు అని ఎక్కడ రాసి ఉన్నా దీంట్లోంచి నాలుగు పెద్ద చెంచాలు వెయ్యి.

ఆ సీసా ఉంటే పచ్చిపులుసు పది నిమిషాల పని, మిర్చి కాల్చడానికీ పోపుకూ తప్ప పొయ్యితో అవసరమే లేదు. నాలుగు చెంచాల రసంలో 600 మిల్లీలీటర్ల నీళ్లు, ఉప్పు, వేలిగోరంత బెల్లం. మంట మీద నల్లగా కాల్చిన పచ్చిమిర్చి రెండు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ ఒకటి, కొత్తిమీర వేసి చేత్తో గట్టిగా పిసుకు. ఉల్లిగడ్డను కత్తితో కోసి ఊరికే వేస్తే నీళ్లు నీళ్లుగా, ఉల్లిగడ్డ ఉల్లిగడ్డగా ఉంటాయి. రుచంతా ఆ పిసకడంలోనే వస్తుంది. వేయించి దంచిన నువ్వుల పొడి రెండు చెంచాలు కలిపి పోపు పెట్టు.

దీని పక్కన కిచిడీ. ఒక గ్లాసు బియ్యం, అర గ్లాసు ఎర్రపప్పు, మూడు గ్లాసుల నీళ్లు. నెయ్యిలో షాజీరా, లవంగం, ఉల్లిగడ్డ వేయించి, చిటికెడు పసుపు, ఉప్పు వేసి, కుక్కర్ రెండు విజిల్స్. పాతబస్తీలో కిచిడీకి జతగా పెట్టే ఖట్టా కూడా చింతపండూ నువ్వులే కదా. మన పచ్చిపులుసూ అదీ దాయాదులే. కొత్త బియ్యమైతే నీళ్లు పావు గ్లాసు తగ్గించు, లేకుంటే ముద్దవుతుంది.

ఇక మసాలా. కిలో ఉల్లిగడ్డ సన్నగా తరిగి, 120 మిల్లీలీటర్ల నూనెలో, ఒక చెంచా ఉప్పు వేసి వేయించు. ఉప్పు వేస్తే నీరు తొందరగా దిగుతుంది. కనీసం 25 నిమిషాలు పడుతుంది, ఇటుక రంగు రావాలి. చాలామంది ఇక్కడే తొందరపడి తెల్లగా ఉండంగానే టమాటా వేస్తారు. టమాటా నీళ్లు పడ్డాక ఉల్లిగడ్డ వేగదు, ఉడుకుతుంది, ఆ పచ్చివాసన ఎన్ని మసాలాలు గుప్పించినా పోదు. రంగొచ్చినంక మూడు పెద్ద చెంచాల అల్లం ఎల్లిగడ్డ ముద్ద వేసి రెండు నిమిషాలు వేయించు. పసుపు ఒక చెంచా, కారం రెండు పెద్ద చెంచాలు, ధనియాల పొడి మూడు వేసి, వెంటనే కిలో టమాటా ముక్కలు వెయ్యి. ఆలస్యమైతే కారం మాడుతుంది. నూనె అంచులకు తేలేదాకా 20 నిమిషాలు. ఇది నాలుగు కూరలకు సరిపోతుంది. రెండు భాగాలు ఫ్రిజ్‌లో, నాలుగు రోజుల్లో వాడెయ్యి. రెండు ఫ్రీజర్‌లో, నెల దాకా ఉంటాయి. ఒక భాగం, ఒక గ్లాసు వేడినీళ్లు, ఉడకబెట్టిన గుడ్లు ఆరు, పది నిమిషాల్లో గుడ్డు కూర. పనీరు, శనగలు, ఆలుగడ్డ బఠాణీ, అన్నిటికీ ఇదే.

కూరగాయల్లో బీన్స్, క్యారెట్, క్యాబేజీ ముందే తరిగి మూడు రోజులు ఉంచొచ్చు. వంకాయ, ఆలుగడ్డ తరిగి పెడితే నల్లబడతాయి. రైతు బజార్ నుంచి తెచ్చిన ఆకుకూరలు కడిగి ఫ్రిజ్‌లో పెట్టకు. వేర్లు కోసి, పేపర్లో చుట్టి, వండేముందే కడుగు. బెండకాయ రాత్రే కడిగి గుడ్డ మీద ఆరబెట్టు. తడి ఉంటే జిగురు, ఉప్పు ముందే వేస్తే జిగురు.

పిల్లల డబ్బా గురించి రెండే మాటలు. వేడి వేడి అన్నం మీద మూత బిగిస్తే ఆవిరి నీరై కారి, ఏప్రిల్ ఎండల్లో మధ్యాహ్నానికల్లా పులిసిపోతుంది. అయిదు నిమిషాలు ఆరబెట్టి మూత పెట్టు. పెరుగన్నం పెట్టేటప్పుడు అంతా పెరుగే కలపకు. కప్పు మెత్తటి అన్నానికి ముప్పావు కప్పు గోరువెచ్చటి పాలు, రెండు చెంచాల పెరుగు కలుపు. పన్నెండున్నరకు డబ్బా తెరిచేసరికి కమ్మగా తోడుకుని ఉంటుంది.

సాయంత్రం చిరుతిండికి, ఓటీజీ తెరిచే ముందు, సర్వపిండి నేర్చుకో. గిన్నప్ప అన్నా, తపాల చెక్క అన్నా ఇదే. మూత కింద సన్నమంట మీద కాలుతుంది కాబట్టి ఇది కూడా బేకింగే, కరెంటు పోయినా ఆగదు. 300 గ్రాముల బియ్యప్పిండిలో గంట నానిన శనగపప్పు రెండు పెద్ద చెంచాలు, నువ్వులు రెండు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు గుప్పెడు, సన్నగా తరిగిన ఉల్లాకు, కరివేపాకు, జీలకర్ర ఒక చెంచా, కారం ఒకటిన్నర, ఉప్పు ఒకటింబావు. గోరువెచ్చటి నీళ్లతో చపాతీ పిండి కంటే మెత్తగా కలుపు. చల్లటి నీళ్లతో కలిపితే అద్దేటప్పుడు అంచులు పగులుతాయి. మందపాటి గిన్నెలో చెంచాన్నర నూనె రాసి, నారింజకాయంత ముద్ద పెట్టి, అడుగునా పక్కలకూ అర సెంటీమీటరు మందాన చేత్తో అద్దు. వేలితో ఆరేడు చోట్ల రంధ్రాలు చేసి, ఒక్కోదాంట్లో రెండు చుక్కల నూనె వెయ్యి. ఆ రంధ్రాలు సోకుకు కాదు, వాటిలోంచి నూనె అడుగుకు దిగితేనే మధ్యలో పచ్చి లేకుండా కాలుతుంది. మూత పెట్టి సన్నమంట మీద 12 నిమిషాలు. మధ్యలో ఒకసారి మూతకు పట్టిన నీళ్లు తుడువు, లేకుంటే అవి పిండి మీద పడి మెత్తబడుతుంది. చివరి రెండు నిమిషాలు మూత తీసెయ్యి. అంచు తనంతట తానే గిన్నె వదిలితే అయినట్టు. రెండో దానికి వేడి గిన్నెలో చెయ్యి పెట్టలేవు కదా, అందుకే రెండు గిన్నెలు పెట్టుకో. ఒకటి కాలుతుంటే ఒకటి చల్లారుతుంది. గుండ్రటి అడుగు గిన్నె ఇండక్షన్ పొయ్యి మీద పనికిరాదు, గ్యాసే కావాలి.

ఇప్పుడు ఓటీజీ. దానికంటే ముందు ఒక గ్రాము దాకా చూపించే చిన్న తూకం కొను. ఒకే కప్పుతో మైదా వదులుగా తీస్తే 120 గ్రాములు, కప్పుతో ముంచి అదిమితే 150 రావచ్చు. కేకు ఒకరోజు పొంగి ఒకరోజు రాయిలా వచ్చిందంటే తేడా అక్కడే. అట్లాగే లోపల పెట్టే థర్మామీటరు. ఓటీజీ మీది అంకెకూ లోపలి వేడికీ తేడా మామూలే, నీ దాని తేడా ఎంతో ఒక్కసారి చూసి గుర్తు పెట్టుకో.

మొదటి కేకు అరటిపండుది చెయ్యి. గోధుమపిండి 180 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, వంటసోడా అర టీస్పూను, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి. ఈ పొడి భాగం నాలుగు కేకులకు సరిపడా ఒకేసారి జల్లించి, ఒక్కో కేకుకు ఒక్కో డబ్బాలో పెట్టుకో, నెల రోజులు ఉంటుంది. ఇదీ సగం పనే. చేసే రోజు ముందు ఓటీజీ 170 డిగ్రీల మీద 15 నిమిషాలు వేడెక్కనివ్వు. ఈలోగా మెదిపిన అరటిపండు గుజ్జు 250 గ్రాములు, బెల్లం పొడి 120, పెరుగు 120, నూనె 80 మిల్లీలీటర్లు కలుపు. బెల్లంలో ఇసుక ఉంటుందని అనుమానముంటే రెండు చెంచాల నీళ్లలో కరిగించి వడగట్టు. పొడిని ఇందులో వేసి, తెల్లపిండి కనబడకుండా పోగానే ఆపు. ఎక్కువ కలిపితే గోధుమపిండి సాగి కేకు రబ్బరవుతుంది. పెరుగూ సోడా కలిసిన క్షణం నుంచే గాలి బుడగలు మొదలవుతాయి, కాబట్టి కలిపిన పిండి పక్కన పెట్టి ఫోను ఎత్తావంటే కేకు అణిగిపోతుంది.

కింది రాడ్ ఒక్కటే వేసి, మధ్య అరలో 40 నుంచి 45 నిమిషాలు. పై రాడ్ కూడా వేస్తే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. రంగు చాలలేదనిపిస్తే చివరి అయిదు నిమిషాలు వెయ్యి. మొదటి అరగంట తలుపు తియ్యకు. గుచ్చిన పుల్లకు తడిపిండి అంటకపోతే అయినట్టు. అడుగున జిగటగా ఒక పొర వచ్చిందంటే గుజ్జు 250 గ్రాములు దాటిందన్నమాట.

ఉస్మానియా బిస్కెట్లు పిల్లలకంటే అల్లుడే ఎక్కువ అడుగుతాడని నాకు తెలుసు. గది వేడిలో మెత్తబడిన అమూల్ వెన్న 100 గ్రాములు, చక్కెర పొడి 60, తెల్లగా నురగలా అయ్యేదాకా చిలుకు. ఆ వెన్నలో ఉప్పు ఉంటుంది కాబట్టి మళ్లీ చిటికెడు చాలు. ఉప్పు అసలు లేకపోతే మాత్రం అది ఉస్మానియా కాదు, మామూలు చాయ్ బిస్కెట్. మైదా 140, కస్టర్డ్ పౌడర్ 20, పాలపొడి 15, బేకింగ్ పౌడర్ పావు టీస్పూను జల్లించి కలుపు. కుంకుమపువ్వు నానిన పాలు ఒక పెద్ద చెంచా, ముద్ద కలవకపోతే ఇంకో అర. చపాతీ పిండిలా పిసకకు, దగ్గరికి చేర్చు అంతే.

దాన్ని అయిదు సెంటీమీటర్ల మందాన రోకలిలా చుట్టి, బటర్ పేపర్‌లో పెట్టి ఫ్రిజ్‌లో గంట ఉంచు. మన ఎండాకాలం వంటింట్లో ఈ గంట తప్పించుకుంటే వెన్న కరిగి బిస్కెట్లు అప్పడాల్లా పరుచుకుంటాయి. ఏడు మిల్లీమీటర్ల మందాన కోసి, పైన పాలు రాసి, 170 డిగ్రీల మీద 15 నుంచి 18 నిమిషాలు. దాదాపు 20 వస్తాయి. అంచులు బంగారు రంగు తిరగగానే బయటికి తియ్యి. మెత్తగా ఉన్నాయని మళ్లీ లోపల పెట్టకు, చల్లారితే అవే గుల్లబారతాయి.

ఆ చుట్టను సగం కోసి మిగతా సగం ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు, నెల రోజులు ఉంటుంది. చుట్టాలు ఫోన్ చేసి దారిలో ఉన్నామంటే ఓటీజీ వెయ్యి. అది వేడెక్కేలోగా చుట్ట కత్తికి లొంగుతుంది. కోసి ట్రే మీద పెట్టు, రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది అంతే.

మీ పెద్దమ్మ