సంవత్సరం దాచకు, చిట్టితల్లీ

అంబత్తూరు, చెన్నై

చిట్టితల్లికి పెద్దనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. బెంగళూరులో ఉద్యోగం మానేసి, పీణ్యలోని చిన్న వర్క్‌షాపులకు హాజరు, జీతాల లెక్కలు రాసే పని సొంతంగా మొదలుపెడుతున్నావట. మన ఇంట్లో నా తర్వాత జీతాల పట్టీ ముట్టుకునేది నువ్వేనని విని ఎంత సంతోషించానో చెప్పలేను. ఫోను పెట్టేసే ముందు మీ నాన్న ఇంకో మాట అన్నాడు. "ఎక్సెల్ గళ్లలో తేదీలు పట్టక హ్యాష్ గుర్తులు వస్తుంటే, సంవత్సరం తీసేసి సర్దేసిందట." ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారకుండానే లేచి ఇది రాస్తున్నాను.

గడి నిండా #### అని వచ్చే హ్యాష్ గుర్తులు చూసి భయపడకు. గడి ఇరుకైందని అర్థం, అంతే. లోపల తేదీ చెక్కుచెదరదు. కాలమ్ పైన ఉండే అక్షరం గడి కుడి అంచు మీద రెండుసార్లు నొక్కితే తగినంత వెడల్పు అవుతుంది. వెడల్పు చేసినా హ్యాష్‌లు పోకపోతే లెక్క సున్నా కంటే కిందికి పోయిందన్నమాట. రాత్రి షిఫ్టువాళ్లు పదింటికి వచ్చి మర్నాడు ఆరింటికి వెళ్తారు కదా, వెళ్లిన వేళలోంచి వచ్చిన వేళ తీసేస్తే అలాగే అవుతుంది. అక్కడ ఒక రోజు కలపాలి.

ముప్పై ఒక్క రోజుల హాజరు ఒకే కాగితం మీద రావాలంటే రోజుల గళ్లలో తేదీ అంకె ఒక్కటి చాలు. కంట్రోల్ నొక్కి ఒకటి నొక్కు, కస్టమ్‌లో డి అక్షరం ఒక్కటే రాయి. నెల, సంవత్సరం పైన ఒక్కసారి పెద్ద అక్షరాలతో ఉండాలి. గడి లోపల మాత్రం పూర్తి తేదీయే ఉండాలి. మొదటి గడిలో ఒకటో తారీకు కొట్టి, తర్వాతి గళ్లలో పక్క గడికి ఒకటి కలుపుతూ పో. కింది వరసలో అదే తేదీకి డి మూడుసార్లు రాస్తే వారం పేరు వస్తుంది, ఆదివారాలు వెతుక్కోనక్కర్లేదు. అక్షరాలను కుదించి గడిలో ఇరికించే సదుపాయం ఒకటుంది. దాని జోలికి వెళ్లకు. ఆ కాగితం గోడకు అంటించి చదువుకునేది యాభై ఏళ్లు దాటిన కార్మికులు.

ఇక నేను చెప్పాలని కూర్చున్నది చేరిన తేదీ కాలమ్ గురించి.

2007 జనవరి మొదటి వారం. అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక ఫ్యాక్టరీకి లెక్కలు చూసేవాణ్ణి. డిసెంబరులో చేరినవాళ్ల కాగితాలు కట్టగా వచ్చాయి. నీలాగే నేనూ ఒకే కాగితం మీద అన్నీ పట్టించాలన్న పట్టుదలతో ఉన్నాను. చేరిన తేదీ కాలమ్ ఇరుకై హ్యాష్‌లు వచ్చాయి. రోజు, నెల మాత్రం కనిపించేలా మార్చాను. గడిలో 28/12 అని కొట్టాను, 28-12 అని ముచ్చటగా కనిపించింది. సంవత్సరం కొట్టకపోతే ఎక్సెల్ అప్పుడు నడుస్తున్న సంవత్సరం వేసుకుంటుంది. నేను కొట్టింది జనవరిలో. అది 2007 డిసెంబరు 28 అని రాసుకుంది. ఇంకా రాని తేదీ! సంవత్సరం కనిపించే చోటు నేనే కోసేశాను కాబట్టి నా కంటికి ఆనలేదు.

ఆ తేదీ లేత్ మెషీన్ మీద పనిచేసే ఒకాయనది. పలాస దగ్గర పల్లెటూరు. నా టేబుల్ దగ్గరికి వచ్చి తెలుగులో మాట్లాడి వెళ్లడం ఆయనకు ఇష్టం. 2012 ఫిబ్రవరి ఆఖరున, తల్లికి బాగాలేదని పని మానేశాడు. అప్పట్లో 1972 నాటి చట్టం ప్రకారం, పని మానేటప్పుడు యజమాని ఇచ్చే గ్రాట్యుటీ సొమ్ముకు ఐదేళ్లు నిండాల్సి ఉండేది. రెండు తేదీల మధ్య కాలం చెప్పే డేటెడిఫ్ ఫార్ములా నాలుగేళ్ల రెండు నెలలు అంది. రాదని చెప్పాను.

"డిసెంబరులో చేరాను బాబూ. ఆ సంక్రాంతికి కొత్తవాణ్ణని సెలవు కూడా ఇవ్వలేదు. ఆరు సంక్రాంతులు ఇక్కడే చేసుకున్నాను" అన్నాడు.

నేను తెర ఆయన వైపు తిప్పాను. "ఇదిగో, 28-12. డిసెంబరే ఉంది. లెక్క మాత్రం ఇంతే వస్తోంది" అన్నాను. ఆయన కాసేపు ఆ అంకెల వైపు చూసి, నాకు దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఆరు సంక్రాంతులు లెక్కపెట్టి చెప్పిన మనిషిని నమ్మకుండా, నేను కోసేసిన తేదీని నమ్మాను చిట్టీ.

ఏప్రిల్‌లో ఆడిట్ కోసం పూర్తి తేదీలు చూపించబోతే బయటపడింది. చేరకముందే పదకొండు నెలల జీతం తీసుకున్న మనిషి! ఫార్మాట్ తీసేసి చూస్తే లోపల 39444 ఉంది. ఉండవలసింది 39079. ఎక్సెల్ 1900 జనవరి 1 నుంచి రోజులు లెక్కపెడుతుంది. ఆ రెండు అంకెల మధ్య తేడా సరిగ్గా 365.

ఆయన ఆఖరి జీతం 7,800. దాన్ని 26తో భాగించి, 15తో, ఐదేళ్లతో హెచ్చిస్తే 22,500 రూపాయలు. యజమాని మారుమాట లేకుండా ఇచ్చాడు. చెక్కు పట్టుకుని నేనే రైలెక్కి పలాసలో దిగాను. ఆ రెండు నెలల్లో తల్లి వైద్యానికి ఇంట్లో ఉన్న కాస్త బంగారం కుదువపెట్టారు. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. మజ్జిగ ఇచ్చి, "తేదీ దిద్దారా బాబూ?" అని అడిగాడు. ఇప్పటికీ ఇరుకు కాలమ్ కనిపిస్తే ఆ గొంతే వినిపిస్తుంది.

అందుకని చేరిన తేదీ, పుట్టిన తేదీ, పని మానిన తేదీ, ఈ మూడింటికీ నాలుగంకెల సంవత్సరం కనిపించి తీరాలి. చోటు చాలకపోతే కాగితం అడ్డంగా తిప్పు, కాలమ్‌లో అక్షరాలను నిలువుగా తిప్పు, అదీ కుదరకపోతే రెండో కాగితం వాడు. కాగితం డబ్బులు నేనిస్తాను. హ్యాష్‌లు పోతాయని తేదీ ముందు కొటేషన్ గుర్తు పెట్టకు, అది తేదీ కాకుండా ఉత్త అక్షరాలైపోతుంది. ఏమీ చేయకుండానే గడిలో ఎడమ పక్కకు ఒదిగిన తేదీ కనిపిస్తే అనుమానించు. చేరిన తేదీ ఈ రోజు కంటే తర్వాతిదైతే ఎర్రగా కనిపించేలా ఒక నిబంధన పెట్టు. నేను ఆ ఒక్కటి పెట్టి ఉంటే 2007లోనే తెలిసిపోయేది.

కోప్పడ్డానని అనుకోకు. చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని కాలిక్యులేటర్ మీటలు నొక్కిన పిల్లవి, ఇప్పుడు ఎంతమంది ఇళ్లలో పొయ్యి వెలిగే లెక్క నీ చేతికి వస్తోందో తలుచుకుంటే గర్వంగా ఉంది, గుబులుగానూ ఉంది. భోజనం వేళకు చెయ్యి. నెలాఖరున నిద్ర మానుకోకు.

వచ్చే ఆదివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాను. మీ పెద్దమ్మ గోంగూర పచ్చడి కడుతోంది. ఈలోగా చేరిన తేదీల్లో సంవత్సరం తిరిగి తెప్పించి, ఆ పట్టీ ప్రింటు తీసి ఉంచు. నియామక పత్రాలు కూడా తీసి పెట్టు. నువ్వు పత్రం చదువు, నేను పట్టీ చూస్తాను.

మీ పెద్దనాన్న